సంక్రాంతికి ఇంటిల్లిపాదీ ఆడుకునే మోషన్ ఆటలు: చిత్తూరు నుంచి వచ్చిన ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. దానివల్ల తరువాత చదివేవారికి సందర్భం తెలుస్తుంది. సంక్రాంతికి చిత్తూరులోని మీ అత్తవారింట్లో 11 మంది చేరుతున్నారు. వారిలో చిన్నది 6 ఏళ్ళ పాప, పెద్దావిడ మీ మామగారి తల్లి, 78 ఏళ్ళ అవ్వ. హాలు 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉంది, గోడకు 43 అంగుళాల టీవీ బిగించి ఉంది. మీ మరిది డాలస్ నుంచి వస్తూ ఏదైనా ఆటల యంత్రం తెస్తానంటున్నాడు. చేతిలో పట్టుకుని ఊపుతూ టెన్నిస్, బౌలింగ్ వంటివి ఆడే రకం అయితే అందరూ ఆడగలరని మీరు అనుకుంటున్నారు. ఏది తెమ్మనాలి, ఏ ఆటతో మొదలుపెట్టాలి, అవ్వ నిజంగా ఆడగలదా అన్నవి మీ ముఖ్యమైన మూడు సందేహాలు.

నేను తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటాను. 2009 నుంచి ఈ ఆటలు మా ఇంట్లో ఆడుతున్నాము. తరువాతి కాలంలో శ్రీకాళహస్తి, పుత్తూరు, చిత్తూరు వైపు పుట్టినరోజులకూ, బంధువులు కలిసే సందర్భాలకూ వీటిని తీసుకువెళ్ళి ఏర్పాటు చేసి పెడుతున్నాను. ఆ అనుభవంతో సూటిగా చెబుతాను. మీ మరిదిని టీవీకి తగిలించే నింటెండో స్విచ్ అనే ఆటల యంత్రాన్నీ, నింటెండో స్విచ్ స్పోర్ట్స్ అనే ఆటనూ, వాటితోపాటు అదనంగా ఒక జత జాయ్-కాన్‌లనూ, అంటే చేతిలో పట్టుకుని ఊపే చిన్న పరికరాలనూ, తెమ్మనండి. మొదటి సాయంత్రం బౌలింగ్ తప్ప వేరే ఆట తెరవకండి. అవ్వ తప్పకుండా ఆడగలదు. ఇంకా చెప్పాలంటే, మీరు ఆటను ఎంచుకోవలసింది పిల్లలను చూసి కాదు, అవ్వను చూసే. పిల్లలు ఏ ఆటనైనా పది నిమిషాల్లో పట్టుకుంటారు, కానీ మొదటి ప్రయత్నంలో ఇబ్బంది పడిన పెద్దవారు పక్కకు వెళ్ళి కూర్చుంటే ఆ పండుగకు మళ్ళీ లేచి రారు.

ఆమె ఆడగలదని ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే ఆ చేతిపరికరం ఎలా పనిచేస్తుందో కొంచెం తెలుసుకోవాలి. జాయ్-కాన్ లోపల కదలికను కొలిచే రెండు రకాల సెన్సర్లు ఉంటాయి. ఒకటి యాక్సిలరోమీటర్. బస్సు ఒక్కసారిగా బ్రేకు వేస్తే మనం ముందుకు తూలినట్టు, వేగంలో వచ్చే మార్పును అది గుర్తిస్తుంది, భూమి ఏ వైపు లాగుతోందో కూడా దానికి తెలుస్తుంది. రెండవది జైరోస్కోప్. మణికట్టు ఎటువైపు, ఎంత త్వరగా తిరిగిందో అది కొలుస్తుంది. ఈ రెండింటికీ మీ చెయ్యి గదిలో ఏ మూల ఉందో, మీరు నిలుచున్నారో కూర్చున్నారో తెలియదు. కాబట్టి కుర్చీలో కూర్చుని ముంజేతిని మెల్లగా ముందుకు ఊపిన అవ్వకూ, నిలబడి ఒళ్ళంతా వంచి విసిరిన మనవడికీ యంత్రం దృష్టిలో పెద్ద తేడా ఉండదు. ఇద్దరిలో ఎవరి చెయ్యి నిలకడగా, తిన్నగా కదిలిందో వారి బంతి తిన్నగా పోతుంది. ముగ్గుపిండిని వేళ్ళ మధ్య నుంచి ఒకే ధారగా వదిలే అలవాటున్న చేతులకు ఆ నిలకడ ఎక్కువగా ఉండటం నేను చాలా ఇళ్ళలో చూశాను.

ఈ మార్గం ఇప్పటిది కాదు. 2006 నవంబరులో నింటెండో సంస్థ వీ (Wii) అనే యంత్రాన్ని అమెరికాలో విడుదల చేస్తూ దానితోపాటే వీ స్పోర్ట్స్ అనే ఆటను ఇచ్చింది. టెన్నిస్, బేస్‌బాల్, బౌలింగ్, గోల్ఫ్, బాక్సింగ్ అందులో ఉండేవి. ఆ ఆట 8 కోట్లకు పైగా ప్రతులుగా ఇళ్ళకు చేరింది. అప్పటి రిమోట్‌లో యాక్సిలరోమీటర్ ఉండేది గాని జైరోస్కోప్ ఉండేది కాదు. మణికట్టు మెలికను సరిగా పట్టుకోవడానికి 2009లో జైరోస్కోప్ ఉన్న మోషన్‌ప్లస్ అనే అదనపు ముక్కను తెచ్చారు. అంత పరిమితమైన పరికరంతోనే విదేశాల్లోని వృద్ధాశ్రమాల్లో పెద్దవారు బౌలింగ్ పోటీలు పెట్టుకున్నారు. ఆట సులువుగా ఉండటానికి అసలు కారణం పరికరం కాదు, ఆటను రూపొందించినవారు తీసుకున్న ఒక నిర్ణయం అని నేను నమ్ముతాను. టెన్నిస్‌లో ఆటగాడి బొమ్మ బంతి వైపు తనంతట తానే పరుగెడుతుంది, మనం చేయవలసింది సమయానికి చెయ్యి ఊపడం ఒక్కటే. జీవితంలో ఏనాడూ వీడియో గేమ్ ముట్టనివారికి భయం కలిగించేది రెండు బొటనవేళ్ళతో బొమ్మను నడిపించడం. ఆ భారం తీసేశారు కాబట్టే అది అందరి ఆట అయింది.

మీ బంధువుల ఇంట్లో ఎక్స్‌బాక్స్ 360 అనే పాత ఆటల యంత్రం, దానితోపాటు కైనెక్ట్ కెమెరా ఉన్నాయనీ, అదే వాడుకోవచ్చా అనీ కూడా అడిగారు. 2010లో వచ్చిన కైనెక్ట్ చేతిలో ఏదీ లేకుండానే ఒంటి కదలికను చూసి ఆడిస్తుంది. దానితోపాటే విడుదలైన కైనెక్ట్ స్పోర్ట్స్ అనే ఆటలో ఫుట్‌బాల్, బీచ్ వాలీబాల్, టేబుల్ టెన్నిస్ కూడా ఉన్నాయి. పిల్లలకు అది అద్భుతమైన ఆట. కానీ ఇద్దరు పక్కపక్కన ఆడాలంటే కెమెరాకు దాదాపు 8 అడుగుల దూరంలో నిలబడాలి, మధ్యలో టీపాయ్ గాని, పాకే పిల్లలు గాని ఉండకూడదు. అంతకంటే ముఖ్యమైన ఇబ్బంది మరొకటి ఉంది. ఆ కెమెరా కాళ్ళు, మోకాళ్ళు, నడుము విడివిడిగా గుర్తించి అస్థిపంజరం వంటి ఒక రూపాన్ని ఊహించుకుంటుంది. కుచ్చిళ్ళు నిండుగా ఉన్న చీర కట్టుకున్నవారు గాని, పంచె కట్టుకున్నవారు గాని నిలబడితే కాళ్ళ జాడ దానికి సరిగా అందదు, తెర మీద బొమ్మ వంకరలు పోతుంది. పండుగ నాడు పట్టుచీరలో ఉన్న ఆడవాళ్ళను ఆటకు దూరం చేసే యంత్రాన్ని నేను మీకు సిఫారసు చేయలేను. పైగా ఆ కెమెరా తయారీ ఎప్పుడో ఆగిపోయింది.

ఇక మీ మరిదికి పంపవలసిన వివరాలు. స్విచ్ లైట్ అనే చిన్న రకం తక్కువ ధరకు వస్తుంది కాబట్టి అంగడిలో అదే చేతికి ఇచ్చే అవకాశం ఉంది. దానిని టీవీకి తగిలించడం వీలుపడదు, దాని మీటల భాగాలు విడిగా ఊడి రావు. మీ అవసరానికి అది పూర్తిగా పనికిరాదు. మామూలు స్విచ్ గాని, 2021లో వచ్చిన ఓలెడ్ తెర ఉన్న రకం గాని సరిపోతుంది. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో కూడా ఈ ఆట నడుస్తుంది, కానీ ఈ ఒక్క ఆట కోసమే అయితే అంత ఖర్చు అక్కరలేదు. ఆటను డబ్బాలో వచ్చే కార్డు రూపంలోనే కొనమనండి. అమెరికాలో అది విడుదలైనప్పుడు డౌన్‌లోడ్ ధర 40 డాలర్లు, డబ్బా ధర 50 డాలర్లు. ఆ పది డాలర్ల తేడాకు తొడకు కట్టుకునే పట్టీ కూడా డబ్బాలో వస్తుంది. స్విచ్ కార్డులకు దేశాల మధ్య అడ్డుగోడ లేదు కాబట్టి అమెరికాలో కొన్న కార్డు మన దగ్గర కొన్న యంత్రంలోనూ పనిచేస్తుంది.

కరెంటు విషయంలో చాలామందికి భయం ఉంటుంది. స్విచ్ అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల వరకు తీసుకుంటుంది కాబట్టి మన 230 వోల్టులకు ట్రాన్స్‌ఫార్మర్ అవసరం లేదు, ప్లగ్గు పిన్నుల ఆకారం మార్చే చిన్న కన్వర్టర్ చాలు. కానీ అదే అమెరికా నుంచి ఎవరైనా పాత వీ యంత్రాన్ని తెచ్చి ఇస్తే దాని అడాప్టర్ 120 వోల్టులది. దానిని నేరుగా మన గోడకు గుచ్చితే కాలిపోతుంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో సరిగ్గా ఇలాగే జరిగి, పుట్టినరోజు పాప కేకు కోయకముందే ఏడుపు మొదలుపెట్టింది. అందుకే ప్రతి పరికరం మీద ఉన్న అక్షరాలు చదివిన తరువాతే కరెంటు స్విచ్ వేయాలని అందరికీ చెబుతుంటాను. ఇంకొక మాట, మన దేశంలో స్విచ్‌ను నింటెండో స్వయంగా అమ్మడం లేదు, ఇక్కడ దొరికేవి దిగుమతి అయినవి. చెడిపోతే బాధ్యత అమ్మిన అంగడివారిదే అవుతుంది కాబట్టి బిల్లు, డబ్బా జాగ్రత్తగా ఉంచుకోవాలి.

అదనపు జాయ్-కాన్ జత గురించి గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. యంత్రంతో ఒకే జత వస్తుంది, బౌలింగ్‌లో గాని టెన్నిస్‌లో గాని ఒక్కొక్కరికి ఒక్కటి చొప్పున ఇస్తే ఇద్దరే ఆడగలరు. 11 మంది ఇంట్లో ఇద్దరు ఆడుతుంటే తొమ్మిది మంది ఎదురు చూడాలి, రెండో జత ఉంటే నలుగురు ఒకేసారి ఆడవచ్చు. ఒక ఛార్జింగ్ దాదాపు 20 గంటలు వస్తుంది, కానీ యంత్రానికి తగిలించి ఛార్జ్ చేసుకునేది ఒక జతనే. జాయ్-కాన్‌లను తగిలించి పట్టుకోవడానికి డబ్బాలో వచ్చే గ్రిప్ వాటిని ఛార్జ్ చేయదు, ఛార్జింగ్ గ్రిప్ విడిగా కొనాలి. అది లేకపోతే రాత్రి పడుకునే ముందు ఒక జతను తగిలించి, తెల్లవారాక దానిని తీసి రెండవ జతను తగిలించే పని ఎవరో ఒకరు మరవకుండా చూసుకోవాలి. ఒక్కోటి నిండటానికి మూడున్నర గంటలు పడుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వస్తాను, అది మీ హాలు. యంత్రాల గురించి పది ప్రశ్నలు అడిగినవారు గదిని ఒక్కసారి కూడా టేపుతో కొలవరు. నేను ఎక్కడ ఆట ఏర్పాటు చేసినా మొదట చేసే పని ఇదే. ఆడబోయేవారిలో అందరికంటే పొడుగైన వ్యక్తిని టీవీకి 6 అడుగుల దూరంలో నిలబెట్టి, రెండు చేతులూ పక్కలకు చాచి నిదానంగా ఒక చుట్టు తిరగమంటాను, తరువాత చెయ్యి నిటారుగా పైకి ఎత్తమంటాను. ఆ చేతికి ఏది తగిలినా, తగలబోయినా అది అక్కడి నుంచి కదలాలి. మన ఇళ్ళలో పైన తగిలేది సీలింగ్ ఫ్యాన్. ఆరడుగుల మనిషి బ్యాడ్మింటన్ స్మాష్ కోసం చెయ్యి ఎత్తితే చెయ్యి ఫ్యాన్ రెక్కల దగ్గరికి వెళ్ళిపోతుంది, ఆట ఊపులో ఎగిరితే ఇక చెప్పనక్కరలేదు. కాబట్టి ఆడేవారి నెత్తిన ఉన్న ఫ్యాన్ ఆపి, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి. జనవరిలో చిత్తూరులో అది ఇబ్బంది కాదు. మే నెలలో తిరుపతిలో మాత్రం ఈ కారణంతోనే నేను ఆటను రాత్రి ఎనిమిది దాటాక పెడతాను.

10 అడుగుల వెడల్పులో ఇద్దరికంటే ఎక్కువ మంది పక్కపక్కన నిలబడి చేతులు ఊపకూడదు. నలుగురి టెన్నిస్ మీ హాలులో ఆడవలసి వస్తే ఇద్దరు ముందు నేల మీద గాని కుర్చీల్లో గాని కూర్చోవాలి, ఇద్దరు వెనుక అడ్డంగా జరిగి నిలబడాలి. నేను పైన చెప్పినట్టు కూర్చున్నవారికి ఆటలో నష్టం ఏమీ ఉండదు. నేల విషయానికి వస్తే, పాలిష్ బండల మీద సాక్సులతో ఎవరినీ ఆడనివ్వవద్దు. జంఖానా పరిస్తే అది కాళ్ళ కింద జారుతుంది. ఉత్త పాదాలతో, తడి లేని నేల మీద ఆడటమే మంచిది. ముగ్గులూ, తలంట్లూ అయిన పూట నేల తడిగా ఉంటుంది, అది ఆరేదాకా ఆగండి. పండుగ పూట ఎవరినీ పుత్తూరు కట్టుకు తీసుకువెళ్ళవలసిన అవసరం రాకూడదు.

మణికట్టుకు వేసుకునే తాడు గురించి ఎంత చెప్పినా తక్కువే. 2010 వేసవిలో తిరుచానూరు రోడ్డులోని మా బంధువుల ఇంట్లో ఒక పిల్లవాడు చెమట చేతులతో వీ రిమోట్ పట్టుకుని బౌలింగ్ వేస్తుండగా అది జారి నేరుగా టీవీ మధ్యలో తగిలింది. తాడు రిమోట్‌కు వేలాడుతూనే ఉంది, దానిని వాడి చేతికి తొడగనిది నేను. ఆ ఇంటివారు ఒక్క మాట కూడా అనలేదు, కానీ పగిలిన తెర ముందు నిలబడిన ఆ పిల్లవాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి తాడు చేతికి బిగించనివారికి పరికరం ఇవ్వను, వయసు ఎంతైనా సరే. జాయ్-కాన్‌కు తాడు ఉన్న ముక్కను ఎక్కించేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త తీసుకోవాలి. ఆ ముక్క మీద ప్లస్ గాని, మైనస్ గాని గుర్తు ఉంటుంది, జాయ్-కాన్ మీద కూడా అదే గుర్తు ఉంటుంది. రెండూ ఒకటైతేనే ఎక్కించాలి, తలకిందులుగా తోస్తే ఇరుక్కుని ఊడిరాదు.

టీవీలో ఒక సెట్టింగు మార్చాలి. ఇప్పటి టీవీలు బొమ్మను అందంగా చూపడానికి లోపల కొంత దిద్దుబాటు చేస్తాయి, దానివల్ల తెర మీద బొమ్మ రావడం కొద్దిగా ఆలస్యమవుతుంది. సినిమాకు అది తెలియదు గాని టెన్నిస్‌లో తెలుస్తుంది, సమయానికే ఊపినా బంతి తప్పుతుంది. పిల్లలైతే టీవీని నిందిస్తారు, పెద్దవారు మాత్రం తమకే చేతకావడం లేదని అనుకుని పరికరం పక్కవారికి ఇచ్చేస్తారు. అందువల్ల పిక్చర్ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉన్నదానిని తప్పక ఎంచుకోండి. యంత్రాన్ని ఇనుప బీరువా వెనుక గాని, టీవీ వెనుక ఇరుకులో గాని పెట్టవద్దు, జాయ్-కాన్‌లు బ్లూటూత్‌తో మాట్లాడతాయి కాబట్టి మధ్యలో లోహం అడ్డు వస్తే సంకేతం తడబడుతుంది.

సాయంత్రం ఆట ఎలా నడపాలో చెబుతాను. బౌలింగ్‌లో పది విడతలు ఉంటాయి, లెక్క నిజమైన బౌలింగ్ లెక్కే, అత్యధికం 300. నలుగురు పోటీదారులుగా కాకుండా నాలుగు జట్లుగా విడగొట్టండి. ప్రతి జట్టులోనూ ఒక పెద్దవారు, ఒక చిన్నవారు తప్పక ఉండాలి, మిగిలినవారిని సర్దండి. జట్టుకు ఒక జాయ్-కాన్ ఇచ్చి, జట్టులోని వారు విడత మార్చి విడత వేయాలన్న నియమం పెట్టండి. ఇలా చేస్తే 11 మందీ ఒకే ఆటలో ఉంటారు, ఎవరూ ఎక్కువసేపు ఎదురు చూడరు. అవ్వ ఒకసారి తప్పు వేసినా తరువాతి విడతలో మనవరాలు సరిచేస్తుంది. మనవరాలు బంతిని గట్టర్‌లో, అంటే పక్క కాలువలో, వేస్తే అవ్వ సరిచేస్తుంది, ఇది కూడా తరచుగానే జరుగుతుంది. అవ్వను చేతులు లేని కుర్చీలో కూర్చోబెట్టండి, కుర్చీ చెయ్యి మోచేతికి తగలకుండా ఉంటుంది. మొదటి రెండు విడతలూ ఆమె చేతి మీద మీ చెయ్యి వేసి కలిసి ఊపండి, మూడవసారి మీరు చెయ్యి తీసేయండి. మీట ఎప్పుడు నొక్కాలో మాటలతో చెబితే గందరగోళపడతారు, చేతితో చూపిస్తే వెంటనే పట్టుకుంటారు.

రెండవ రోజుకు టెన్నిస్ తెరవవచ్చు. ఇద్దరూ ఒకే వైపు ఉండి యంత్రంతో ఆడేలా పెడితే మొదట్లో బంధువుల మధ్య పంతాలు రావు. బ్యాడ్మింటన్ ఇద్దరికే, చాలా వేగం, కాలేజీ పిల్లలకు వదిలేయండి. చాంబరా అనే కత్తిసాము కూడా ఇద్దరిదే. ఎదుటివారు ఏ దిశలో నరుకుతున్నారో చూసి దానికి అడ్డంగా కత్తి పట్టాలి. 10 ఏళ్ళు దాటిన పిల్లలు దీనిని గంటలకొద్దీ వదలరు. ఫుట్‌బాల్‌కు ఒక్కొక్కరికి రెండు జాయ్-కాన్‌లు కావాలి. పట్టీ తొడకు కట్టుకుని పెనాల్టీ కొట్టే ఆట ఒకటి ఉంది గాని, మీ హాలులో కాలు విసరడానికి చోటు లేదు కాబట్టి వద్దు. గోల్ఫ్‌ను 2022 నవంబరులో, బాస్కెట్‌బాల్‌ను 2024లో తరువాతి అప్‌డేట్ల ద్వారా చేర్చారు. ఇంట్లో ఆడుకోవడానికి ఇంటర్నెట్ అవసరం లేకపోయినా, ఆ రెండింటి కోసం పండుగకు ముందే ఒకసారి యంత్రాన్ని వైఫైకి కలిపి అప్‌డేట్ చేసి ఉంచుకోవాలి. క్రికెట్ ఉందా అని మీ మామగారు తప్పకుండా అడుగుతారు, ఈ ఆటలో క్రికెట్ లేదని ముందే చెప్పండి. మన వీధి క్రికెట్‌ను ఇంత శ్రద్ధగా, ఇంత సులువుగా ఎవరైనా రూపొందిస్తే నేను మొదటి రోజే కొంటాను.

ఒంటి జాగ్రత్త గురించి ఒక్క విషయం. 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 29 ఏళ్ళ ఒక వైద్యుడు తన అనుభవాన్నే లేఖగా రాశాడు. గంటల తరబడి వీ టెన్నిస్ ఆడిన మరునాడు కుడి భుజంలో తీవ్రమైన నొప్పితో లేచాడు, అది స్నాయువు వాపు అని తేలింది, వారం రోజులు ఆట మానేశాక తగ్గింది. చేతిలో బరువు లేకపోవడం వల్ల అలసట తెలియదు, భుజం మాత్రం వందలసార్లు తిరిగి ఉంటుంది. అరగంట ఆడాక పావుగంట ఆపడం మంచిది. అవ్వకు భుజం గాని మెడ గాని ఇదివరకే నొప్పి ఉంటే ఆమె డాక్టరును ఒక మాట అడిగాకే ఆడించండి.

మీ మరిది రాగానే, పండుగకు రెండు రోజుల ముందే యంత్రాన్ని తగిలించి చూసుకోండి. సిస్టమ్ సెట్టింగుల్లో కంట్రోలర్లు, సెన్సర్ల విభాగానికి వెళ్ళి, ఒక్కొక్క జాయ్-కాన్‌నూ కదలని బల్ల మీద పెట్టి మోషన్ కేలిబ్రేషన్ చేయండి. అలా చేయకపోతే జైరోస్కోప్ కొలతలో చిన్న తప్పు పేరుకుని, తిన్నగా వేసిన బంతి కూడా పక్కకు లాగినట్టు అనిపిస్తుంది. ఆ తరువాత ‘మీ’ (Mii) అనే పేరుతో ఉన్న, ఆటగాళ్ళ బొమ్మలు తయారుచేసే విభాగం తెరిచి, పాపను అవ్వ పక్కన కూర్చోబెట్టి, ముందుగా అవ్వ బొమ్మను చేయించండి. జుట్టు ముడి, కళ్ళద్దాలు, చీర రంగుకు దగ్గరగా ఉండే చొక్కా అన్నీ పాపనే ఎంచనివ్వండి. ఆమె ఏ చేత్తో విసురుతుందో అప్పుడే అడిగి అమర్చుకోండి, ఎడమచేతి వాటమైతే ఆటలోనే మార్చుకునే వీలుంది. ఇదంతా భోగి నాటి ఉదయానికల్లా ముగిస్తే సాయంత్రం దీపాలు పెట్టాక నేరుగా బౌలింగ్ మొదలుపెట్టవచ్చు.